మా తమ్ముడు రాసిన మరమనిషి

మార్చి 3, మంగళవారం

తమ్ముడి పుస్తకం అచ్చయి వచ్చింది. అట్ట మీద సగం ఆడదాని ముఖం, సగం తీగలూ మరలూ. వెనక అట్ట మీద గడ్డం కింద చెయ్యి ఆనించుకుని వాడి ఫొటో. పుట్టి నలభై రెండేళ్ళయింది, వాడు అలా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. నూట పన్నెండు పేజీల సైన్సు నవల. బళ్ళో ఫిజిక్స్ చెప్పుకునేవాడికి రాయడానికి మూడేళ్ళు పట్టింది. అమ్మ పోయేముందు కింద గదిలో మంచం పట్టి ఉన్న నాలుగేళ్ళలో మూడేళ్ళు మేడ మీద తలుపేసుకుని వాడు చేసింది ఇదన్నమాట.

మొదటి పేజీలో 'అక్కకి' అని రాసి సంతకం పెట్టాడు.

నాకు కథలు చదివే అలవాటు లేదు. ఆస్పత్రిలో ఆపరేషన్ సామాను కడిగి, ఆవిరి పట్టించి, లెక్క సరిచూసి పంపే గది నాది. పొద్దస్తమానం కత్తెరలూ, పట్టకార్లూ చూసిన కళ్ళకి అక్షరాలు ఆనవు. కానీ ఈ రోజు ఆవిరి పట్టే యంత్రం, ఆటోక్లేవ్ మొరాయించింది, మెకానిక్ వచ్చేదాకా పనిలేదు. పదకొండు పేజీలు చదివాను. రాబోయే కాలంలో ఏదో నగరం. అక్కడ మంచం పట్టిన ముసలివాళ్ళని మరమనుషులు చూసుకుంటాయి. ఒక ముసలావిడ, ఒక ఆడ మరమనిషి. ఫరవాలేదు. భాష శుభ్రంగా ఉంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మరదలు ఏడుస్తోంది. ఊళ్ళో వాళ్ళమ్మ మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుందట. పాపం.

మార్చి 4, బుధవారం

పద్దెనిమిదో పేజీలో మరమనిషి ముసలావిడ మడమల కింద చేతిరుమాలు నాలుగు మడతలు వేసి పెడుతుంది, పుండు పడకుండా. నేను అమ్మకి అలాగే పెట్టేదాన్ని. మంచం దగ్గర పనిచేసిన వాళ్ళెవరికైనా తెలిసే సంగతే. ఇందులో వింతేం లేదు.

మార్చి 5, గురువారం

ఇరవై ఆరో పేజీ. బెడ్‌పాన్ చల్లగా తగలకూడదని ముందు వేడినీళ్ళు పోసి, తుడిచి, అప్పుడు పెట్టింది.

ఇది అందరికీ తెలిసిన సంగతి కాదు.

మార్చి 7, శనివారం

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో ఈ వేళ తెలిసింది.

సూది గుచ్చకముందే, ఇంకా మందు సిరంజిలోకి ఎక్కించుకుంటూనే, 'అయిపోయింది, అయిపోయింది, ఇంకేం లేదు' అనడం నా అలవాటు. అమ్మకి అలా చెబితేనే చెయ్యి వదులు చేసేది. ముప్పై నాలుగో పేజీలో ఆ మరమనిషి అక్షరం పొల్లుపోకుండా అదే అంటుంది. పైగా వాడి వ్యాఖ్యానం ఒకటి: 'జరగని పనిని జరిగినట్టు చెప్పడం దాని తయారీలో దొర్లిన చిన్న లోపం.'

లోపమట! నాది తయారీ లోపం!

పెదవులు మూసుకుని కూనిరాగం తీయడం కూడా ఎక్కించాడు. నా రాగం ఎక్కడా సాగదని చిన్నప్పటి నుంచీ వెక్కిరించేవాడు. పుస్తకంలో అది 'ఫ్యాను తిరిగే శబ్దంలాంటి రాగం' అయింది. దిండు రెండుసార్లు తట్టడం, మాత్ర ఇచ్చేముందు దాని పేరు పైకి చదవడం, అన్నీ నావే. ఒక్కటంటే ఒక్కటి కూడా వాడి సొంత బుర్రలోంచి పుట్టలేదు. మేడ మీద తలుపు వేసుకుని రాస్తున్నాడనుకున్నాను. తలుపు తెరుచుకుని చెవులు రిక్కించి కూర్చున్నాడన్నమాట దొంగవెధవ.

అన్నిటికన్నా ఒళ్ళు మండించింది ఇంకొకటి. ఆ మరమనిషి రోజుకి నాలుగు గంటలు అలమరాలో నిలబడి ఛార్జింగ్ పెట్టుకుంటుందట. ఆ నాలుగు గంటలూ ఎవరూ పిలవకూడదని ఆ నగరంలో చట్టం. చూశారా, యంత్రానికైతే చట్టం రాశాడు. నాకా అలమరా కూడా లేదు. ఆస్పత్రిలో ఎనిమిది గంటలు నిలబడి వచ్చి చెప్పులు విడిచేలోపే 'అక్కా, అమ్మ పిలుస్తోంది' అని మేడ మీద నుంచి కేక. కేక వేసిన గొంతుకి మెట్లు దిగే కాళ్ళు మాత్రం ఉండేవి కావు.

మధ్యాహ్నం మా గదిలో సామాను కట్టలు కట్టే ఆవిడ ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ముక్కు చీదుతోంది. నేనే ఇచ్చాను, నాకెందుకని. రెండు గంటల్లో ఊదేసింది. "ఎంత ప్రేమండీ ఆ మరమనిషికి! మనుషుల్లో కూడా ఉండరండీ అలాంటివాళ్ళు" అంది.

"అవును, ఉండరు" అన్నాను. ఇంకేమనను?

పుస్తకం వెనక్కి లాక్కున్నాను.

నాకేం కోపం లేదు. బీపీ చూపించుకున్నాను, కాస్త ఎక్కువే ఉంది. ఆటోక్లేవ్ వేడి వల్ల అయ్యుంటుంది.

మార్చి 8, ఆదివారం

వచ్చే ఆదివారం మరదలి వాళ్ళమ్మని ఇక్కడికి తెస్తున్నారు. ఆపరేషన్ బాగానే అయింది కానీ మూణ్ణెల్లు మంచం దిగకూడదట. సోఫాలో టీ తాగుతూ మరదలు చెప్పింది. అప్పటికే అమ్మ గదిలో బీరువా జరిపించి, అటక మీంచి ఆ పాత ఇనప మంచం దింపించింది. నేను ఉదయం కూరగాయలకని వెళ్ళి వచ్చేలోగా ఇదంతా అయిపోయింది.

"కింద గదే మంచిది వదినా, మీ గది పక్కనే ఉంటుంది. పిలిస్తే వినపడుతుంది."

"ఎవరికి?" అన్నాను.

ఆమెకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు, నటన కాదు. "మీకు అలవాటే కదా వదినా. మీరున్నారనే ధైర్యంతోనే ఒప్పుకున్నాను. వేరేవాళ్ళ చేతిలో పెట్టాలంటే నాకు మనసొప్పదు" అంది.

తమ్ముడు పేపరు పేజీ తిప్పాడు.

నేను 'ఊఁ' అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నోరు దానంతటదే అంది. ఏ బటన్ నొక్కితే ఏ మాట వస్తుందో వీళ్ళకి తెలుసు.

మార్చి 9, సోమవారం

ఆ పుస్తకం చదవడం మానేశాను.

మార్చి 10, మంగళవారం

అరవై ఒకటో పేజీ.

ముసలావిడ వెల్లకిలా పడుకుని ఉంటుంది. మరమనిషి దుప్పటి మారుస్తూ ఉంటుంది. ఉన్నట్టుండి ముసలావిడ, "అలిసిపోయావా?" అంటుంది. అంతవరకూ మరమనిషిని ఎవరూ ప్రశ్న అడగలేదు, పనులే చెప్పారు. జవాబు చెప్పాలంటే ముందు ఆవిడ ఎవరిని అడుగుతోందో వెతకాలి. గదిలో ఇంకెవరూ లేరు. వెతికి వెతికి, చివరికి తనలోనే 'నేను' అనేది ఒకటి దొరుకుతుంది. అలా దానికి తెలివి వస్తుంది. ఆ ఒక్క మాటతో యంత్రం మనిషవుతుంది.

బాగా రాశాడు. అదే నా మంట. చెత్తగా రాసుంటే నవ్వి ఊరుకునేదాన్ని.

అమ్మ నన్ను ఆ మాట ఏనాడూ అడగలేదు. నాలుగేళ్ళు. మంచినీళ్ళు అడిగింది, కిటికీ వెయ్యమంది, లైటు తియ్యమంది, రోజూ సాయంత్రం 'తమ్ముడు తిన్నాడా' అని అడిగింది. 'నువ్వు తిన్నావా' అని కూడా అడగలేదు. ఎందుకు అడగలేదని నేను ఒక్కనాడూ అనుకోలేదు. ఇప్పుడు ఎక్కడా లేని ముసలిది, ఎక్కడా లేని యంత్రాన్ని అడుగుతుంటే పుస్తకం మూసేశాను. ఇలా ఏడిపించడానికి వీడెవడు?

నేను ఏడవలేదు. ముక్కు చీదానంతే.

మార్చి 12, గురువారం

లైబ్రరీ హాల్లో వాడి పుస్తకం మీద సభ. నలభై కుర్చీలు వేశారు, ఇరవై మూడు నిండాయి. మరదలు ముందు వరసలో, నేను చివర, తలుపు పక్కన. లైబ్రేరియన్ వాణ్ణి ఆకాశానికెత్తేసింది. తర్వాత ఎవరో అడిగారు, "ఆ పాత్ర మీకు ఎలా తట్టిందండీ?" అని.

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "ఊహేనండీ. ఒకరోజు బస్సులో వెళ్తుంటే, యంత్రానికి ప్రేమ ఉంటే ఎలా ఉంటుంది అనిపించింది."

బస్సులో! నేను చేతిలో సంచీ గట్టిగా పట్టుకున్నాను. లేచి నలుగురిలో కడిగేద్దామనుకున్నాను.

లేచింది వేరే ఆయన. మార్కెట్ సందులో గడియారాలు బాగుచేసే పెద్దాయన. కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని, "బాబూ, నాకో సందేహం" అన్నాడు. "నాలుగేళ్ళలో మీ యంత్రం ఒక్కసారీ విసుక్కోదేం?"

"అది... యంత్రం కదండీ."

"సగం పుస్తకం అయ్యాక అది యంత్రం కాదని మీరే అన్నారుగా. నేను మా ఆవిడని మూడేళ్ళు చూసుకున్నాను. మూడుసార్లు పళ్ళెం తీసి గోడకేసి కొట్టాను. ఒకసారి ఆవిడ చచ్చిపోతే బాగుండుననుకున్నాను. అన్నీ తెలిసిన మనసు ఒక్కసారీ అలా అనుకోదంటే నేను నమ్మను. ఇంత తియ్యగా ఉంటే అది మనిషయిందని ఎలా నమ్మమంటారు?"

నేను పెద్దగా నవ్వాను. అందరూ వెనక్కి తిరిగి చూశారు. మరదలు ముఖం కందగడ్డ అయింది. నేను ఆపుకోలేకపోయాను.

ఇది ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పను. మూడో ఏడాది ఒక మధ్యాహ్నం అమ్మ పక్క తడిసింది. పిలిచింది. నేను పక్కగదిలో కుర్చీలో కూర్చుని ఉన్నాను. వినపడింది. గంటసేపు లేవలేదు. 'ఎక్కడున్నావే' అని మొదట కోపంగా, తర్వాత మామూలుగా, తర్వాత ఎంతో చిన్నగా. నేను గోడ మీద ఎండ జరగడం చూస్తూ కూర్చున్నాను. తర్వాత లేచి, 'బజారుకెళ్ళానమ్మా' అని చెప్పి పక్క మార్చాను. అమ్మ ఏమీ అనలేదు. నా చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి, మంచం మీంచి కనిపిస్తాయి కూడా.

పుస్తకంలో అది లేదు. ఆ రోజు వాడు ఇంట్లోనే ఉన్నాడు, మేడ మీద. అమ్మ పిలుపులు వాడికీ వినపడే ఉంటాయి. నా కూనిరాగం వినపడినవాడికి అవి వినపడవా? అది వదిలేసి మిగిలిందంతా రాశాడు. తనదీ వదిలేశాడు, నాదీ వదిలేశాడు. నన్ను మంచిదాన్ని చేసి మరీ అవమానించాడు.

మార్చి 13, శుక్రవారం

పూర్తయింది. చివర్లో ముసలావిడ చనిపోతుంది. మరమనిషికి స్వేచ్ఛాపత్రం ఇస్తారు. తలుపు తీసే ఉంటుంది, బయట ఎండ. అది గుమ్మం దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి తిరిగి వచ్చి, రాబోయే రోగి కోసం నీళ్ళు వేడిచెయ్యడానికి వెళుతుంది. 'ఎవరూ చెప్పకుండా అది చేసిన మొదటి పని అదే' అని ఆఖరి వాక్యం.

మా కట్టలు కట్టే ఆవిడ ఇక్కడే ఏడ్చిందట.

పెన్సిల్ తీసుకుని ఆ వాక్యం కింద 'అబద్ధం' అని రాశాను. చాల్లేదు. పెన్ను తీసుకుని మళ్ళీ రాశాను.

మార్చి 14, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్న మరదలు స్టేషన్‌కి అంబులెన్సు మాట్లాడే పనిలో ఉంది. తమ్ముడు వంటింటి బల్ల దగ్గర టీ తాగుతున్నాడు. పుస్తకం వాడి ముందు పెట్టి చివరి పేజీ తీశాను. వాడు నా రాతలు చూసి, "నచ్చలేదా అక్కా?" అన్నాడు, మార్కులు తగ్గిన పిల్లాడిలా.

"అది నేనే కదరా?"

"ఏది?"

"నీళ్ళు నమలకు. మడమ కింద రుమాలు నేను. బెడ్‌పాన్‌కి వేడినీళ్ళు నేను. 'అయిపోయింది, అయిపోయింది' నేను. బస్సులో తట్టిందా నీకు? నేను బస్సునా?"

వాడు కప్పు కింద పెట్టాడు. "నిన్ను తక్కువ చెయ్యాలని కాదక్కా. అందరికీ అదే నచ్చింది చూడు. నిన్నే అందరూ మెచ్చుకుంటున్నట్టు లెక్క."

"అందరికీ నచ్చింది యంత్రంరా. దానికి నడుం నొప్పి లేదు. అది ఎవరినీ ఏమీ అడగదు. అలాంటిదైతే ఎవరికి నచ్చదు? నన్ను నలుగురి ముందు పెట్టాలనుకుంటే మనిషిగా పెట్టొచ్చుగా. నీకు అక్క ఉందని రాస్తే సైన్సు తగ్గిపోతుందా?"

వాడు పుస్తకం మూయబోతే చెయ్యి అడ్డం పెట్టాను.

"ఇంకొకటి. అరవై ఒకటో పేజీ. అది మాత్రం నీ కల్పనే. అమ్మ నన్ను ఎప్పుడూ ఆ మాట అడగలేదు."

వాడి ముఖంలో రంగు పోయింది. బల్ల మీద వేలితో టీ మరక రుద్దాడు.

"నిన్ను అడగలేదు" అన్నాడు. "నన్ను అడగమంది."

"ఎప్పుడు?"

"నువ్వు డ్యూటీకి వెళ్ళినప్పుడు. చాలాసార్లు. 'నేనడిగితే అది నవ్వేసి లేదంటుందిరా. నువ్వడుగు. నీ దగ్గర నిజం చెబుతుంది' అనేది."

"మరి అడగలేదేం?"

"భయమేసింది."

"నేనేమన్నా పులినా?"

"నువ్వు అవునంటే?" అన్నాడు. తలెత్తకుండానే. "అవును, అలిసిపోయాను అంటే, అప్పుడు నేనేం చెయ్యాలక్కా?"

నలభై రెండేళ్ళలో ఇంత నిజమైన మాట వాడి నోట్లోంచి వినలేదు. దానికోసం మూడేళ్ళూ, నూట పన్నెండు పేజీలూ పట్టాయి. నాకు కోపం రావలసింది. వచ్చింది కూడా. కానీ దాని వెనకే ఇంకోటి వచ్చింది. అమ్మ అడిగింది. నా చెప్పులు గుమ్మంలో చూసిన మనిషి, అయినా అడిగింది.

చెయ్యి ఊరుకోక వాడి కప్పు తీసుకుని కడగడం మొదలుపెట్టాను. సబ్బు రాశాక చూసుకున్నాను, ఎవరి కప్పు, ఎవరు కడుగుతున్నారని. సబ్బుతోనే సింకులో వదిలేశాను.

"నువ్విప్పుడు అడిగినట్టే లెక్క. కాబట్టి జవాబు విను. అవును. అలిసిపోయాను. రేపు మీ అత్తగారు వస్తారు. ఆవిడ మంచి మనిషి, ఆవిడ మీద నాకేం లేదు. కానీ ఆవిడని నేను చూసుకోను. నేర్పమంటే నేర్పుతాను. ముట్టుకోను."

సరిగ్గా అప్పుడే మరదలు ఫోను పట్టుకుని లోపలికొచ్చింది. "అదేమిటి వదినా! నేను పొద్దున్నే షాపు తియ్యాలి. రేపు మనిషి వస్తుంటే ఇప్పుడా చెప్పడం?"

"వారం కిందటే చెప్పాల్సింది. 'ఊఁ' అన్నాను. తప్పు నాదే. ఆ 'ఊఁ' వెనక్కి తీసుకుంటున్నాను."

"మరి ఎవరు చూస్తారు?"

నేను తమ్ముడి వైపు చూశాను. మరదలు కూడా వాడి వైపు చూసింది, బహుశా పెళ్ళయ్యాక మొదటిసారి ఆ ప్రశ్నతో. వాడు టీ కప్పు కోసం బల్ల మీద చెయ్యి చాపాడు, అది సింకులో ఉంది.

"వాడికి సెలవులున్నాయి. నవల అచ్చుకి ముందు పదిహేను రోజులు పెట్టాడుగా" అన్నాను. "తర్వాత సంగతి మీరిద్దరూ వంతులు వేసుకోండి, మనిషిని పెట్టుకోండి. అన్నీ వాడికి తెలుసు. పుస్తకం రాశాడు."

మరదలికి నవ్వు వచ్చింది. ఆపుకుంది కానీ వచ్చింది, చూశాను.

మార్చి 15, ఆదివారం

పెద్దావిడ వచ్చారు. స్ట్రెచర్ మీంచి మంచం మీదకి మార్చడం గుమ్మంలో నిలబడి చూశాను. తప్పుగా ఎత్తారు. చెప్పాను. చేతులు వెనక్కి కట్టుకుని చెప్పాను.

మార్చి 18, బుధవారం

తమ్ముడికి దుప్పటి మార్చడానికి నలభై నిమిషాలు పట్టింది. నాకు ఆరు నిమిషాలు. నా గదిలో మంచం మీద నా అరచేతులు తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నాను. పెద్దావిడ ఒకసారి కెవ్వుమన్నారు. లేచి నిలబడ్డాను. మళ్ళీ కూర్చున్నాను. ఇంత కష్టమైన పని ఆ నాలుగేళ్ళలోనూ చెయ్యలేదు.

వాడు చెమటలు కక్కుతూ గుమ్మంలోకి వచ్చి, "పక్కకి తిప్పేటప్పుడు ముందు భుజమా, నడుమా?" అన్నాడు.

"మోకాలు మడిచి, భుజమూ నడుమూ కలిపి. పుస్తకంలో తప్పు రాశావు."

"తప్పా?"

"డెబ్భై రెండో పేజీ. అలా తిప్పితే ఆవిడ కింద పడుతుంది."

వెళ్ళిపోయాడు. కాసేపటికి లోపల వాడు విసుక్కోవడం వినపడింది. "అబ్బా, ఒక్క నిమిషం ఆగండి అత్తయ్యగారూ!" అని. ఆ వెంటనే, "సారీ అండీ, సారీ" అని.

చాలా సంతోషం వేసింది. సిగ్గు లేకుండా రాస్తున్నాను.

మార్చి 22, ఆదివారం

మరదలు నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. మాట్లాడనీ. పగటికి ఒక మనిషిని కుదుర్చుకున్నారు. సాయంత్రాలు తమ్ముడిది, పొద్దున్న షాపు తీసేదాకా మరదలిది. గోడకి కాగితం అంటించారు. నా పేరు అందులో లేదు. రెండుసార్లు వెళ్ళి చూసుకున్నాను.

ఏప్రిల్ 5, ఆదివారం

పెద్దావిడే పిలిచారు. పని కోసమేమో అనుకుని గుమ్మంలోనే నిలబడ్డాను.

"పేకాట వచ్చా నీకు?" అన్నారు. "మీ తమ్ముడికి రాదు. వాడు ముక్క పట్టుకుంటే ఫిజిక్స్ గుర్తొస్తుంది. చేతులు కూడా కొయ్యముక్కలు. అయినా నేర్చుకుంటున్నాడులే."

"వచ్చండీ అత్తయ్యగారూ."

కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. మంచం పక్కన ఖాళీ చేతులతో, ఏ గిన్నె గానీ గుడ్డ గానీ లేకుండా కూర్చోవడం నాకు అలవాటు లేదు. రెండు గంటలు ఆడాం. ఆవిడ వాళ్ళూరి సంగతులు చెప్పారు, కోడలి మీద నాలుగు చాడీలు, కూతురి మీద ఆరు. నేను ఆస్పత్రిలో సర్జన్ల మీద చెప్పాను. ఇద్దరం బాగా నవ్వాం.

అయిదో ఆటలో ఆవిడ దుప్పటి కింద జోకర్ దాచారు. నేను చూశాను.

"అదేమిటండీ?" అన్నాను.

"ఏదే?"

"దుప్పటి కింద."

"మంచాన పడ్డదాన్నే, చూసీ చూడనట్టు పోకూడదూ?"

"కుదరదు" అన్నాను. "తియ్యండి బయటికి."

ఆవిడ మూతి ముడుచుకుని తీశారు. ఆట నేను గెలిచాను. మళ్ళీ ఆదివారం ఆడాలట. ముక్కలు మాత్రం ఈసారి నేనే కలుపుతానని ఖచ్చితంగా చెప్పి వచ్చాను.